కటకటాలకు ఇవతల మన పరీక్ష

సెలవులు దగ్గర పడగానే మా ప్రాంతపు పిల్లల నోట వినవచ్చే మొదటి కోరిక హైదరాబాదు ప్రయాణం. ఆ కోరికలో చార్మినారుకు ఎంత చోటుందో జూకు అంతకంటే ఎక్కువ చోటుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో పిల్లలు గొర్రెలను, గేదెలను, ఎద్దులను చూస్తూనే పెరుగుతారు. ఏనుగు, సింహం, జిరాఫీ మాత్రం వారికి పాఠ్యపుస్తకంలోని బొమ్మలే. పూర్వం పులుల మందలు తిరిగినందున పులివెందులకు ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆ ఊరి బాలుడు సైతం ఈనాడు పులిని చూడాలంటే జంతు ప్రదర్శనశాలకు వెళ్ళక తప్పదు.

టికెట్టు కొనిపెట్టి, జంతువులను చూపించి, ఐస్‌క్రీము తినిపించి ఇంటికి తీసుకువస్తే మన బాధ్యత తీరిపోయిందని చాలామంది తల్లిదండ్రులు భావిస్తారు. కాని బోనులో ఉన్న ప్రాణి ముందు నిలబడిన బాలుడు ఆ క్షణంలో ఏదో ఒకటి నేర్చుకునే తీరుతాడు. తనకంటే బలహీన స్థితిలో ఉన్న ప్రాణితో ఎలా మెలగాలన్నదే ఆ పాఠం. అది కారుణ్యం కావచ్చు, పరిహాసం కావచ్చు. ఏది అవుతుందన్నది చాలావరకు పక్కన నిలబడిన పెద్దల మీద ఆధారపడి ఉంటుంది.

చూడమని పిలిచే గ్రంథం

సృష్టిని కళ్ళు తెరిచి చూడమని విశ్వాసులను దివ్య ఖుర్‌ఆన్ పదేపదే ఆహ్వానిస్తుంది. ఒంటె ఎలా సృష్టించబడిందో గమనించరా అని ప్రశ్నిస్తుంది. రెక్కలు చాచి ఆకాశంలో ఎగిరే పక్షుల వైపు మన దృష్టిని మళ్ళిస్తుంది. అంతేకాదు, ఖుర్‌ఆన్ సూరాలలో కొన్నింటికి ప్రాణుల పేర్లే ఉన్నాయి. బఖర అంటే ఆవు, అన్‌ఆమ్ అంటే పశువులు, నహ్ల్ అంటే తేనెటీగ, నమ్ల్ అంటే చీమ, అన్‌కబూత్ అంటే సాలెపురుగు, ఫీల్ అంటే ఏనుగు. భూమిపై సంచరించే ప్రాణులు, రెక్కలతో ఎగిరే పక్షులు కూడా మీవంటి సమాజాలేనని అన్‌ఆమ్ సూరా బోధిస్తుంది. ఈ ఒక్క బోధన మనసులో నాటుకుంటే చాలు, జంతువును చూసే దృష్టి మారిపోతుంది. అది మన వినోదానికి పుట్టిన వస్తువు కాదు. తన ప్రభువును తనదైన రీతిలో స్తుతిస్తూ జీవించే ఒక సముదాయంలోని సభ్యురాలు.

మొన్నటి శీతాకాలంలో ఈ మూడు ఊళ్ళకు చెందిన మదరసా విద్యార్థులు కొందరిని వెంటబెట్టుకుని నేను హైదరాబాదు వెళ్ళాను. ఎర్రగుంట్లలో రాత్రి రైలెక్కి తెల్లవారాక కాచిగూడలో దిగాము. ఆ పిల్లలలో ఒక్కరు కూడా అంతకు ముందు జూను చూసినవారు కారు. వారిలో జమ్మలమడుగు బాలుడు ఒకడు ఐదేళ్ళ వయసులోనే ఫీల్ సూరాను కంఠస్థం చేశాడు. అనేక సంవత్సరాలుగా నమాజులో దానిని పఠిస్తున్నాడు. ఏనుగును చూడటం మాత్రం అదే మొదలు. ఆవరణ ముందు చాలాసేపు మౌనంగా నిలబడి, ‘‘హజరత్, కాబా మీదికి తెచ్చింది ఇలాంటి వాటినేనా? పక్షులు రాళ్ళు వేస్తే ఇంత పెద్దవి పడిపోయాయా?’’ అని అడిగాడు. అతను అన్నేళ్ళు పఠించిన వాక్యాలకు ఆనాడు ఒక ఆకారం ఏర్పడింది. అల్లాహ్ శక్తి ముందు ఏనుగుల సేన ఎంత అల్పమో వివరించడానికి ఇక నాకు పెద్ద ఉపన్యాసం అవసరం కాలేదు.

బంధించడం పాపం కాదా?

నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963 అక్టోబరు 6న ప్రారంభమైంది. మీర్ ఆలం చెరువు పక్కన సుమారు 380 ఎకరాలలో విస్తరించి ఉంది. అంతకు ముందు నగరంలోని బాగె ఆమ్‌లో, అంటే పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న జంతువులను ఇక్కడికి తరలించారు. 1974లో సింహాల సఫారీ మొదలైంది. అక్కడ సింహాలు ఆరుబయట తిరుగుతుంటే మనుషులే కిటికీలు మూసిన వాహనంలో కూర్చొని వెళతారు.

పులుల ఆవరణ దగ్గర ప్రొద్దుటూరు విద్యార్థి ఒకడు నన్ను నిలదీశాడు. ‘‘హజరత్, పిల్లిని కట్టివేసిన స్త్రీ నరకానికి పోయిందని మీరే చెప్పారు కదా. మరి పులిని బంధించడం పాపం కాదా?’’ అని అడిగాడు. ఇది దాటవేయదగిన ప్రశ్న కాదు.

ఆ హదీసు సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం గ్రంథాలలో ఉంది. దైవప్రవక్త (స) ఆ స్త్రీ నేరాన్ని ఎంతో స్పష్టంగా వివరించారు. ఆమె పిల్లిని బంధించింది. తాను ఆహారం పెట్టలేదు, నీళ్ళు ఇవ్వలేదు. నేలపై తిరిగే పురుగులను తిని బతకడానికి దానిని వదిలిపెట్టనూ లేదు. బంధించినవారి మీద పోషణ భారం పడుతుందని, ఆ భారాన్ని విస్మరించడం దైవశిక్షకు కారణమవుతుందని ధర్మవేత్తలు దీని నుంచి గ్రహించారు.

మరొక హదీసు కూడా మన ముందుంది. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ అనే పసివానికి ఒక చిన్న పిట్ట ఉండేది. అది చనిపోయినప్పుడు దైవప్రవక్త (స) ఆ పిల్లవానిని ఎంతో ఆప్యాయంగా పలకరించి, పిట్టకు ఏమైందని అడిగారు. పక్షిని దగ్గర ఉంచుకున్నందుకు ఆ కుటుంబాన్ని ఆయన మందలించలేదు. తగిన పోషణ, రక్షణ కల్పిస్తే ప్రాణిని ఉంచుకోవడం అనుమతించదగినదేనని చాలామంది పండితులు అభిప్రాయపడటానికి ఈ హదీసు ఆధారం.

కనుక విద్యార్థికి నేనిచ్చిన సమాధానం ఇది: ‘‘బాబూ, బోను ఉన్నదా లేదా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. బోను లోపలి ప్రాణికి దక్కవలసిన హక్కు దక్కుతున్నదా అన్నది అసలు ప్రశ్న.’’

ఏడు శతాబ్దాల నాటి కొలబద్ద

ఆ హక్కులు ఏమిటి? డమాస్కస్, కైరో నగరాలలో బోధించిన ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మ) వాటిని తమ ‘ఖవాయిదుల్ అహ్కామ్’ గ్రంథంలో వరుసగా పేర్కొన్నారు. ఆయన క్రీ.శ. 1262లో మరణించారు. మనిషి తన అధీనంలోని ప్రాణిని పోషించాలి. అది ముసలిదై, జబ్బుపడి, దాని వల్ల ఏ ప్రయోజనమూ లేకపోయినా పోషించాలి. శక్తికి మించిన భారం వేయకూడదు. దానికి హాని చేసే ప్రాణితో, అది స్వజాతి అయినా పరజాతి అయినా, కలిపి ఉంచకూడదు. విశ్రాంతి స్థలం అనువుగా ఉండాలి. జతకట్టే కాలంలో ఆడ మగ ప్రాణులను ఒకచోట చేర్చాలి. జంతు సంక్షేమం ఆధునిక కాలపు ఆలోచన అని భావించేవారు ఈ జాబితాను ఒకసారి పరిశీలించాలి.

ఏ జూకు వెళ్ళినా మనం ఇదే కొలబద్దతో చూడవచ్చు. హైదరాబాదు జూలో రాణి అనే ఏనుగు 2021 జూన్‌లో మరణించింది. అప్పటికి దాని వయసు 83 సంవత్సరాలు. ముసలి ప్రాణిని చివరి వరకు సాకడం ఇమామ్ గారు పేర్కొన్న హక్కులలో ఒకటి. మూషిక జింకల విషయం మరింత గమనించదగినది. కుందేలంత పరిమాణం ఉండే ఈ జింకలు అడవులలో తగ్గిపోతున్నాయి. సీసీఎంబీకి చెందిన లాకోన్స్ పరిశోధనశాల, జూ అధికారులు కలిసి 2010లో వాటి సంతానోత్పత్తి కార్యక్రమం ప్రారంభించారు. అలా పుట్టిన జింకలను నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు. బంధించడానికి ఇంతకంటే గౌరవప్రదమైన కారణం ఏముంటుంది? విడిచిపెట్టడం కోసమే పెంచారు.

పరీక్ష ఎవరికి?

జూ నిర్వాహకుల బాధ్యత అలా ఉంచి, సందర్శకుల సంగతి ఆలోచిద్దాం. ఆనాడు మేము చూసిన దృశ్యాలు ఏ జూలోనైనా కనిపించేవే. నిద్రిస్తున్న చిరుతను లేపడానికి ఈలలు, కేకలు. కోతుల వైపు చిప్సు పొట్లాలు విసరడం. కదలని మొసలి బతికి ఉందో లేదో తెలుసుకోవడానికి గులకరాళ్ళు. అలా రాళ్ళు విసిరేవారిలో పెద్దలు కూడా ఉన్నారు. వారి పక్కనే పిల్లలు నిలబడి నేర్చుకుంటున్నారు.

హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఒకసారి దారిలో వెళుతూ, కొందరు ఖురైష్ యువకులు ఒక పక్షిని కట్టివేసి దానిపై బాణాలు గురిపెట్టడం చూశారు. ఆయనను చూడగానే వారు చెదరిపోయారు. ప్రాణమున్న దానిని గురిగా చేసుకునేవారిని దైవప్రవక్త (స) శపించారని ఆయన తెలియజేశారు. పారిపోలేని ప్రాణిపై విసిరే గులకరాయికీ ఆ బాణానికీ తేడా ఎంత?

దేశ చట్టం కూడా ఇదే మాట చెబుతోంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జూలో జంతువులను వేధించడం, గాయపరచడం, వాటికి ఆహారం పెట్టడం, శబ్దాలతో కలవరపెట్టడం, చెత్త వేయడం నిషిద్ధం. ప్రేమతోనే పెడుతున్నామని చాలామంది అనుకుంటారు. కాని ఆహారం వాసన పట్టిన ప్లాస్టిక్ సంచిని జింక మింగితే అది దాని కడుపులోనే ఉండిపోతుంది. మన శ్వాస కూడా వాటికి ప్రమాదం కావచ్చు. 2021లో ఇదే జూలోని ఎనిమిది సింహాలకు కరోనా సోకినట్టు నిర్ధారణ అయింది. దేశంలో జంతువులలో అది మొదటిసారి. అల్లాహ్ దయవల్ల అవి కోలుకున్నాయి. ఇక హద్దులు దాటితే ముప్పు మనకే. 2024 ఫిబ్రవరిలో తిరుపతి జూలో సింహం ఆవరణలోకి దిగిన సందర్శకుడు ఒకరు ప్రాణాలు కోల్పోయారు. కంచె రెండు వైపులవారికీ రక్షణే.

ఏ బోనులోనూ లేని మన పక్షి

జూలో ఎంత వెదకినా మన కడప జిల్లా పిల్లలకు కనిపించని పక్షి ఒకటుంది. అది కలివికోడి. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పక్షి 1900 తరువాత ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే అందరూ నిశ్చయించుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లి ప్రాంతంలో, స్థానిక వేటగాని సహాయంతో పరిశోధకులు దానిని తిరిగి కనుగొన్నారు. పట్టుబడిన ఆ పక్షి కొద్ది రోజులకే చనిపోయింది. ఆ జాతి కోసం లంకమల అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. తెలుగుగంగ కాలువ మార్గాన్ని సైతం మార్చారు.

దీనిలో మనకు గొప్ప పాఠం ఉంది. ప్రతి ప్రాణిని బోనులో పెట్టి కాపాడలేము. కలివికోడికి కావలసింది ముళ్ళపొదలు, వాటి నడుమ ఖాళీ నేల, రాత్రి నిశ్శబ్దం. ఆ పొదలను కొట్టివేస్తే ఆ సముదాయమే మిగలదు. అల్లాహ్ మనిషిని భూమిపై ప్రతినిధిగా నియమించాడు. ప్రతినిధి చేతిలోనిది యజమాని సొత్తు. అది అమానతు. దానికి లెక్క చెప్పవలసి ఉంటుంది.

తల్లిదండ్రులకు మనవి

పిల్లలను జూకు తీసుకువెళ్ళండి, తప్పకుండా తీసుకువెళ్ళండి. బయలుదేరే ముందు రాత్రి నమ్ల్, ఫీల్ సూరాలలోని వృత్తాంతాలను వారికి చెప్పండి. మహా సైన్యాన్ని నడిపించిన సులైమాన్ ప్రవక్త (అలై) ఒక చీమ మాటకు చిరునవ్వు నవ్వారని తెలిసిన బాలుడు ఏ ప్రాణినీ చులకనగా చూడడు. హైదరాబాదు జూకు సోమవారం సెలవు కనుక ఆ రోజు తప్పించండి. తినుబండారాలు సంచిలోనే ఉండనివ్వండి. ఒక్కొక్క ఆవరణ ముందు కొంతసేపు మాట్లాడకుండా నిలబడటం అలవాటు చేయండి. అన్ని జంతువులనూ చూడాలని పరుగులు తీయకండి. పదింటిని శ్రద్ధగా చూసినా చాలు.

అసలు పాఠం ఇంటికి వచ్చిన తరువాత మొదలవుతుంది. మన వాకిట కట్టిన మేకకు మధ్యాహ్నం ఎండలో నీడ ఉన్నదా? దాని తొట్టిలో నీళ్ళున్నాయా? బక్రీదు సంతలో గొర్రెను కాళ్ళు కట్టి బండి మీద పడవేస్తున్నామా? జంతువు కళ్ళెదుట కత్తి నూరవద్దన్న దైవప్రవక్త (స) ఆదేశాన్ని పాటిస్తున్నామా? అడవిలోని రామచిలుకను పట్టి పంజరంలో పెట్టడం చట్టరీత్యా నేరమని పిల్లలకు చెప్పామా? కడప వేసవిలో మిద్దె మీద పిట్టల కోసం ఒక మట్టిపాత్ర నీళ్ళు పెట్టడానికి ఏ ఖర్చూ లేదు. దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు తాగించిన మనిషిని అల్లాహ్ మన్నించాడని తెలిపే హదీసు మనందరికీ తెలిసినదే. ఆ నీటి పాత్రను నింపే పనిని ఇంట్లోని చిన్న బిడ్డకు అప్పగించండి.