పదకొండు గంటల దిక్కున దారి

పిత్తనాళంలో రాయి ఇరుక్కుంటే కళ్లు పచ్చబడతాయి, ఒళ్లంతా దురద పెడుతుంది, ఒక్కోసారి చలిజ్వరం ముంచుకొస్తుంది. ఒకప్పుడు ఆ రాయిని తీయాలంటే పొట్ట కోయాల్సిందే. 1968లో అమెరికన్ సర్జన్ విలియం మెక్‌క్యూన్ బృందం నోటి గుండా గొట్టం దింపి, చిన్నపేగు మొదట్లో ఉన్న ‘వాటర్’ బొడిపెలోకి సన్నని ట్యూబు దూర్చి, రంగుమందు పంపి ఎక్స్‌రే తీసింది. ఈ వాటర్ నీళ్లు కాదు లెండి, అబ్రహాం వాటర్ అనే జర్మన్ శరీరశాస్త్రవేత్త పేరు!

బొడిపె పేగు పక్కగోడకు ఉంటుంది. ముందుకే చూసే గొట్టానికి అది సరిగా ఆనదు. జపాన్ వాళ్లు పక్కకు చూసే గొట్టాన్ని తీర్చిదిద్దాక పని తేలికైంది. దాని కొసన, నాళంలోకి పంపే తీగను పైకెత్తే చిన్న మీట ఒకటుంటుంది. పనితనమంతా ఆ మీటలోనే. తంటా కూడా దానితోనే: దాని సందుల్లో మురికి పూర్తిగా వదలక, అమెరికా ఆస్పత్రుల్లో మందులకు లొంగని బాక్టీరియా ఒక రోగి నుంచి మరొకరికి పాకిందని 2015లో పెద్ద గొడవే అయింది.

1973-74లో జర్మనీలో క్లాసెన్, డెమ్లింగ్, జపాన్‌లో కవాయ్ కరెంటు తీగతో ఆ ద్వారాన్ని కోసి రాళ్లు తీశారు. అప్పటిదాకా ఫొటో తీసే పనిముట్టుగా ఉన్న ఈ పద్ధతి, అంటే ఈఆర్‌సీపీ, అక్కడితో వైద్యమైంది.

అసలు చిక్కు గుమ్మం దగ్గరే. చాలామందిలో పిత్తనాళం, క్లోమనాళం రెండూ ఆ బొడిపెలోనే తెరుచుకుంటాయి. ఎదురుగా చూస్తే పిత్తనాళం గడియారంలో 11 గంటల వైపు, క్లోమనాళం 1 గంట వైపు పోతాయి. నాళంలోకి పంపే తీగ మందం మిల్లీమీటరు కూడా ఉండదు. అది పదేపదే క్లోమంలోకి పోతే క్లోమం వాచిపోతుంది. అందుకే యూరప్ నిపుణులు 2016లో గీత గీశారు: 5 సార్ల కంటే ఎక్కువ తాకాల్సి వచ్చినా, 5 నిమిషాలు దాటినా, ఒకసారికి మించి క్లోమంలోకి పోయినా అది కష్టమైన కేసు. ఇక అదే పద్ధతి పట్టుకుని వేలాడకూడదు.

మరి తర్వాతేంటి? నాకు బాగా నచ్చిన ఉపాయం, దారి తప్పిన తీగనే దారి చూపించమనడం. క్లోమంలోకి పోయిన తీగను అక్కడే ఉంచి, దాని పక్కనుంచి రెండో తీగను పిత్తనాళంలోకి పంపుతారు. ముచ్చటగానే ఉంది కానీ, క్లోమం వాపు ముప్పు దీనితో పెరిగిందని పరిశీలనలు చెప్పాయి. అందుకే క్లోమనాళంలో చిన్న స్టెంటు పెడతారు. సూదికత్తితో బొడిపె పైభాగంలో కోసి నేరుగా పిత్తనాళాన్ని చేరడం రెండో పద్ధతి. క్లోమం ద్వారాన్ని తాకదు కాబట్టి వాపు తక్కువ. అయితే చెయ్యి కాస్త తప్పితే పేగుకు చిల్లు, లేదా రక్తస్రావం. చేయి తిరిగిన వారైతే ఆలస్యం చేయకుండా కోయడమే మేలని నా అభిప్రాయం. గుచ్చి గుచ్చి బొడిపె ఉబ్బిపోయాక కత్తి తీసి ఏం లాభం?

ఇవేవీ కుదరకపోతే అల్ట్రాసౌండ్ ఎండోస్కోపు ఉంది. పేగు లోపలి నుంచే ఉబ్బిన పిత్తనాళాన్ని చూసి సూదితో గుచ్చి, తీగను పైనుంచి కిందికి బొడిపెలోంచి బయటికి తెస్తారు. దొంగ దొడ్డిదారిన దూరి లోపల గడియ తీసినట్టు! 2001లో ఫ్రాన్స్‌లో జొవానీని అసలు ఆ గుమ్మంతో పనే లేకుండా, పిత్తనాళాన్ని నేరుగా పేగుకు కలిపారు. కాన్సర్ గడ్డ దారి మూసేసిన వారికి ఇప్పుడిది గట్టి ప్రత్యామ్నాయం.

ఇదంతా చేతి విద్య. హైదరాబాద్‌లో డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి ఈ విద్య నేర్చుకోవడానికి విదేశీ డాక్టర్లూ వస్తుంటారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈఆర్‌సీపీ అంటే రెండు మాటలు అడగండి. ఎంఆర్‌సీపీ స్కానులో రాయి గానీ అడ్డు గానీ కనబడిందా? క్లోమం వాపు రాకుండా మలద్వారంలో పెట్టే ఇండోమెథాసిన్ బిళ్ల ఇస్తున్నారా?