గ్రహణమునకై ప్రయాణము

1980 ఫిబ్రవరి 16వ తేదీన చంద్రుని నీడ కర్ణాటక తీరమున ఒడ్డెక్కి, తెలంగాణము మీదుగా సాగి, కోణార్కమును చీకటిచేసి సముద్రమున దిగెను. అరసవిల్లి సూర్యదేవుని సేవించు మా శ్రీకాకుళమువారికి కోణార్కము ఒక పగటి దారియే. అయినను, అప్పుడు విద్యార్థినైన నేను పెద్దలమాట జవదాటజాలక తలుపులు మూసికొని యింటనే కూర్చుంటిని.

బాలలారా! సంపూర్ణ గ్రహణము ఆ నీడ నడచు సన్నని బాటలోనివారికే కనబడును. బాటకు వెలుపల సూర్యుడు వెంట్రుకవాసి మిగిలినను, ఆ కాంతికి ‘కరోనా’ యను తెల్లని ప్రభ కానరాదు. కావున యాత్రికుడు మొదట పటముపై బాటను గుర్తింపవలెను. సూర్యుడు పూర్తిగా మరుగుపడిన నిమిషములందు తప్ప గ్రహణపు కళ్లద్దములు తీయరాదు.

మరల భారతదేశమున 2034 మార్చి 20వ తేదీన, లడఖ్ ప్రాంతమున, పొద్దు పడమటికి వాలిన వేళ ఇది సంభవించును. పడమట కొండ అడ్డులేని తావు వెదకవలెను. కనుమలలో మంచు దారి మూయును గనుక ముందుగనే చేరవలెను. నాకప్పటికి డెబ్బది దాటును. కంబళి మాత్రము సిద్ధము.