గడచిన కాలపు మారకపు సరాసరి



పూర్వము హైదరాబాదు రాజ్యమున హాలీ సిక్కా రూపాయి చెల్లుచుండెడిది. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలని వాడుక లెక్క. ధర నిలుకడగా నున్నంతకాలము సరాసరితో పనియే లేదు. అది కదలినప్పుడే చిక్కు. నేడు మన పిల్లలు అమెరికాలోను, గల్ఫు దేశములలోను పనిచేసి పంపెడి ధనము ఒక్కొక్క నెల ఒక్కొక్క రేటున రూపాయలుగా మారుచున్నది. కొన్ని యేండ్ల పిమ్మట అన్నదమ్ములు పంపకమునకు కూర్చుండి, “ఆ సంవత్సరము డాలరు సరాసరి యెంత?” అని మనవంటివారిని అడుగుదురు. ఆ ప్రశ్నకు నేనొకసారి తప్పు సమాధానము చెప్పితిని. దానినే తమకు విన్నవింపదలచితిని.

1966 జూను 6వ తేదీన భారత ప్రభుత్వము రూపాయి విలువను తగ్గించెను. అంతకుముందు డాలరునకు 4 రూపాయల 76 పైసలు. ఆనాటినుండి 7 రూపాయల 50 పైసలు. మరుసటి సంవత్సరము మా గ్రామమున ఒక యింటి పంపకము వచ్చెను. అన్న అమెరికాలో నుండి, 1966లో ఇల్లు కట్టుటకై 1,200 డాలర్లు పంపెను. తమ్ముడు ఊర నిలిచి, తన సొమ్మును కలిపి ఇల్లు కట్టించెను. ఎవరి పెట్టుబడి యెంతయో తేలినగాని వాటాలు తేలవు. బ్యాంకి చీటీలు కనబడలేదు. నేనప్పుడు లెక్కల ఉపాధ్యాయుడను, వయసు చిన్నది, ధైర్యము పెద్దది. రెండు రేట్లను కూడి సగము చేసి, సరాసరి 6 రూపాయల 13 పైసలంటిని. ఆ చొప్పున అన్నగారి పెట్టుబడి 7,356 రూపాయలని కాగితముపై వ్రాసితిని. తమ్ముడు తల వంచుకొని సరేననెను.

వారి తల్లి చదువెరుగనిది. గడప దగ్గర కూర్చుండి విని, “నాయనా, ధర పెరిగిన తర్వాత వాడు పంపినది ఒక్కసారే గదా, అదియు కొంచెమే గదా?” అని యడిగెను. నాకు మాట రాలేదు. ఉత్తరములు తెప్పించి చూచితిని. ఫిబ్రవరిలో 1,000 డాలర్లు, ఆగస్టులో 200. తేదీలన్నియు ఆ యుత్తరములలోనే యున్నవి. నేను చూడలేదు, అంతే.

ఇప్పుడు లెక్క చూడుడు. మొదటి వేయి డాలర్లకు 4,760 రూపాయలు, తరువాతి యిన్నూటికి 1,500, వెరసి 6,260. దీనిని 1,200 చేత భాగించిన, డాలరునకు సుమారు 5 రూపాయల 22 పైసలు. నా సరాసరికిని దీనికిని మొత్తముమీద 1,096 రూపాయల భేదము. ఆ దినములలో పల్లెటూరి కుటుంబమునకు అది చిన్న మొత్తము కాదు. సంతలో పది బస్తాలు ఒక ధరకును, రెండు బస్తాలు మరియొక ధరకును అమ్మినవాడు రెండు ధరలను కూడి సగము చేయునా? చేయడు. కాగితముమీద డాలరనగానే మనకు ఆ తెలివి తప్పును.

పంపిన తేదీలు ఎంత వెదకినను దొరకనిచో, లేక జీతమువలె ఏడాది పొడుగునను సమముగా వచ్చిన రాబడియైనచో, దినములను బట్టి సరాసరి కట్టవలెను. 1966లో పాత రేటు 156 దినములు, కొత్త రేటు 209 దినములు. ఆయా రేట్లను దినములచే గుణించి, కూడి, 365చే భాగించిన 6 రూపాయల 33 పైసలు వచ్చును. అదే లెక్కను ఏప్రిలునుండి మార్చివరకుగల ఆర్థిక సంవత్సరమునకు కట్టిన 7 రూపాయలగును. ఏలయన అందు పాత రేటు దినములు 66 మాత్రమే. కనుక “1966 సరాసరి” అని యెవరైన చెప్పినపుడు, ఏ నెలనుండి ఏ నెలవరకని ముందుగా అడుగుడు.

మరియొక చిక్కు కలదు. ఒక తండ్రి పరదేశమున చదువుచున్న కుమారునకు ధర మారకముందు 3,570 రూపాయలు, మారిన పిదప 3,570 రూపాయలు పంపెననుకొందము. మొదటిసారి 750 డాలర్లు, రెండవసారి 476 డాలర్లు వచ్చును. 7,140 రూపాయలకు 1,226 డాలర్లు. అనగా డాలరు 5 రూపాయల 82 పైసలకు పడినది. రూపాయలు సమముగా పంపినను సరాసరి 6.13 కాలేదు. ధర తక్కువగా నున్నప్పుడు అదే సొమ్మునకు ఎక్కువ డాలర్లు వచ్చుటయే దీనికి కారణము.

నేడు రేటు దినదినమును మారుచున్నది. గడచిన సంవత్సరముల రేట్లు రిజర్వు బ్యాంకువారు ప్రకటించు గణాంక గ్రంథములలో దొరకును. అందు సంవత్సరపు సరాసరి యొక వరుసలోను, సంవత్సరాంతపు రేటు మరియొక వరుసలోను ఉండును. తొందరలో ఒకదానికి మరియొకటి చూచినవారిని నేనెరుగుదును. దినసరి ప్రామాణిక రేటును 2018 జూలైనుండి ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా అను సంస్థ ప్రకటించుచున్నది. సెలవు దినములలో రేటుండదు. ఉన్న దినముల రేట్లను కూడి, ఆ దినముల సంఖ్యచేతనే భాగించవలెను. ఇంకొక మాట: ఈ ప్రామాణిక రేటు బ్యాంకివారు మన చేతికిచ్చినది కాదు. వారు డాలరును కొనునది ఒక రేటు, అమ్మునది వేరొక రేటు. చీటీ దొరికినచో చీటీయే ప్రమాణము, సరాసరిని ప్రక్కకు పెట్టుడు. పన్ను లెక్కలకు ప్రభుత్వ నియమము వేరు. అచ్చట ఈ సరాసరులు చెల్లవు.

ఆనాడు ఆ తల్లి యెదుటనే 7,356ను కొట్టివేసి 6,260 అని వ్రాసి, ప్రక్కన చేవ్రాలు చేసితిని. అమెరికాలోనున్న అన్నకు లెక్కంతయు నేనే ఉత్తరము వ్రాసితిని. నెల దాటిన పిదప, తనకు సమ్మతమేనని అతడు జవాబు వ్రాసెను.