అంతరిక్ష రంగంలో ఉపాధి – చదువుల ఎంపిక

పరిచయం

మీరు జంషెడ్‌పూర్‌లోని టెల్కో కాలనీలో ఉంటున్నారనుకుందాం. టెల్కో కంపెనీ పేరు 2003లో టాటా మోటార్స్‌గా మారింది, కాలనీకి మాత్రం పాత పేరే నిలిచింది. ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు మీకు కొత్తవారు కాదు. వీరి పనికీ, ఆకాశంలోకి ఎగిరే రాకెట్టుకూ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. ఆ సంబంధాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఉద్దేశ్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• అంతరిక్ష రంగంలోకి ప్రవేశించే మూడు దారులను పేర్కొనగలుగుతారు;
• సబ్జెక్టుల ఎంపికలో గణితం, విజ్ఞానశాస్త్రాల ప్రాధాన్యాన్ని వివరించగలుగుతారు;
• మీ వయసుకు, పరిస్థితికి తగిన దారిని ఎంచుకోగలుగుతారు.

1.1 రాకెట్టు వెనుక ఎవరున్నారు?

ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుంచి భారత అంతరిక్ష పరిశోధన సంస్థ (ఇస్రో) రాకెట్లను ప్రయోగిస్తుంది. అక్కడి రెండవ ప్రయోగ వేదికను రూపొందించినది రాంచీలోని మెకాన్ సంస్థ. దానికి కావలసిన భారీ పరికరాలను రాంచీలోనే ఉన్న హెవీ ఇంజనీరింగ్ కార్పొరేషన్ తయారుచేసి ఇచ్చింది. ఈ వేదిక నుంచి తొలి ప్రయోగం 2005 మే 5న జరిగింది. చంద్రయాన్-3 కూడా 2023 జూలై 14న ఇక్కడి నుంచే బయలుదేరింది.

ఇప్పుడు పి.ఎస్.ఎల్.వి. రాకెట్టును గమనించండి. దాని మొదటి దశలో సుమారు 138 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. దానిని 2.8 మీటర్ల వ్యాసం గల ఉక్కు గొట్టంలో నింపుతారు. ఇంధనం మండినప్పుడు గొట్టం లోపల పీడనం విపరీతంగా పెరుగుతుంది. వెల్డింగు అతుకులో సన్నని పగులున్నా గొట్టం బద్దలు కావచ్చు. అందువల్ల లెక్కలు వేసే శాస్త్రవేత్త ఎంత అవసరమో, అతుకు వేసే వెల్డరు, దానిని పరీక్షించే సాంకేతిక సిబ్బంది కూడా అంతే అవసరం.

1.2 మూడు దారులు

(అ) టెక్నీషియన్: పదవ తరగతి తరువాత ఐ.టి.ఐ. ఫిట్టరు, టర్నరు, మెషినిస్టు, ఎలక్ట్రీషియన్ ట్రేడులకు రెండు సంవత్సరాలు పడుతుంది.

(ఆ) టెక్నికల్ అసిస్టెంట్: పదవ తరగతి తరువాత పాలిటెక్నిక్‌లో మూడు సంవత్సరాల డిప్లొమా. ఇస్రో ఉద్యోగానికి ప్రథమ శ్రేణి అవసరం.

(ఇ) ఇంజనీరు: గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలతో పన్నెండవ తరగతి, ఆపై నాలుగేళ్ల ఇంజనీరింగు. మీకు సమీపంలో ఆదిత్యపూర్‌లోని ఎన్.ఐ.టి. ఉంది. తిరువనంతపురంలో 2007లో ఏర్పడిన అంతరిక్ష విద్యా సంస్థలో చేరడానికి జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ రాయాలి. దానికి వయోపరిమితి ఉంది.

ఉద్యోగాలకు కూడా వయసు ముఖ్యమే. ఇస్రో ప్రకటనలలో గరిష్ఠ వయసు సాధారణంగా ఇంజనీరుకు 28, టెక్నీషియన్‌కు 35 సంవత్సరాలు. కొన్ని వర్గాలకు సడలింపు ఉంటుంది. దరఖాస్తు చేసే ముందు ప్రకటనను పూర్తిగా చదవండి.

ఉదాహరణ: ఒక అభ్యాసకురాలి వయసు 24. ఆమె 25వ ఏట పదవ తరగతి పూర్తిచేస్తే, 27వ ఏటికి ఐ.టి.ఐ., లేదా 28వ ఏటికి డిప్లొమా పూర్తవుతుంది. ఇంజనీరింగు పూర్తయ్యేసరికి 31 ఏళ్లు వస్తాయి. కనుక సడలింపు లేకపోతే, ఇస్రోలో చేరడానికి ఆమెకు మొదటి రెండు దారులే అనుకూలం.

ఇస్రో ఒక్కటే కాదు, ప్రైవేటు సంస్థలు కూడా ఈ రంగంలో ఉన్నాయి. హైదరాబాదుకు చెందిన స్కైరూట్ సంస్థ 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్ రాకెట్టును ప్రయోగించింది.

1.3 సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు

సార్వత్రిక విద్యలో పదవ తరగతికి ఐదు సబ్జెక్టులను మీరే ఎంచుకుంటారు. గణితం తీసుకోకుండా కూడా ఉత్తీర్ణులు కావచ్చు. ఆ ధ్రువపత్రం చెల్లుతుంది. అయితే పైన చెప్పిన నాలుగు ఐ.టి.ఐ. ట్రేడులకు గణితం, విజ్ఞానశాస్త్రంతో పదవ తరగతి పాసై ఉండాలి. గణితం కష్టమని ఈరోజు వదిలేస్తే, రేపు ప్రవేశ సమయంలో ఆ దారి మూసుకుపోతుంది.

భయపడవద్దు. మీ నమోదు ఐదు సంవత్సరాలు చెల్లుతుంది. పరీక్షలన్నీ ఒకేసారి రాయనక్కరలేదు. గణితానికి ఎక్కువ సమయం కేటాయించుకోండి. ఇప్పటికే గణితం లేకుండా పాసైనవారు ఆ సబ్జెక్టుకు మాత్రమే నమోదు చేసుకునే వీలుంది. వివరాలు మీ అధ్యయన కేంద్రంలో అడగండి.

1.4 చేతికి అలవాటు

ఈ రంగంలో అన్నిటికన్నా విలువైన అలవాటు జాగ్రత్తగా కొలవడం, కొలిచినది వెంటనే రాయడం.

కృత్యం: ఒక స్టీలు గ్లాసు అంచు చుట్టూ దారం చుట్టి, దాని పొడవును స్కేలుతో కొలవండి. 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. మూడుసార్లు కొలిచి, మూడు విలువలనూ నోటుపుస్తకంలో రాయండి. అవి ఒకేలా ఉన్నాయా? తేడా ఎందుకు వచ్చింది? దారం వదులుగా ఉందా? స్కేలును పక్కనుంచి చూశారా? కారణాన్ని కూడా రాయండి.

పాఠగత ప్రశ్నలు

1. రెండవ ప్రయోగ వేదికను రూపొందించిన సంస్థ ఏది?
2. ఫిట్టరు ట్రేడులో చేరాలంటే పదవ తరగతిలో ఏ సబ్జెక్టులు ఉండాలి?

మీరు ఏమి నేర్చుకున్నారు?

• రాకెట్టు తయారీలో చేతిపని తెలిసినవారికీ స్థానం ఉంది.
• మీ వయసును లెక్కవేసుకుని దారిని ఎంచుకోవాలి.
• ఏ దారికైనా పునాది గణితం, విజ్ఞానశాస్త్రం.

జవాబులు

1. రాంచీలోని మెకాన్. 2. గణితం, విజ్ఞానశాస్త్రం.