పట్టాలు పోయిన చోట కాలిబాట

అమెరికాలోని అరోరా పేరు చెప్పగానే మనవారికి అక్కడి వేంకటేశ్వరస్వామి ఆలయం గుర్తుకు వస్తుంది. చికాగోకు పడమటగా ఉన్న ఆ ఊరికి ఒకప్పుడు కరెంటు రైలు నడిచేది. ఆ రైలు ఆగిపోవడమూ, అది నడిచిన దారిలోనే అక్కడివారు ఒక కాలిబాటను సంపాదించుకోవడమూ వినదగిన కథ.

1902లో మొదలైన ఆ లైను చికాగో నుండి వీటన్ దాకా వచ్చి, అక్కడ రెండుగా చీలి, ఒక పాయ అరోరాకూ మరొకటి ఎల్జిన్‌కూ పోయేది. 1953లో చికాగోలో పెద్ద మోటారు రహదారి వేస్తూ, రైలు నగరం నడిబొడ్డుకు చేరే దారిని తెంచివేశారు. మధ్యలో దిగి బండి మారడం ఎవరికి ఇష్టం? ప్రయాణికులు తగ్గారు. 1957 జూలై 3న మధ్యాహ్నం ఉన్నట్టుండి రైళ్ళు నిలిచిపోయాయి. ఉదయం ఆ రైలెక్కి ఆఫీసుకు పోయినవారికి సాయంత్రం ఇల్లు చేరడానికి రైలు లేదు! 1961 నాటికి లైను పూర్తిగా పాడుబడింది.

1963 సెప్టెంబరు 30న ‘చికాగో ట్రిబ్యూన్’ పత్రికలో ఒక ఉత్తరం పడింది. వ్రాసినావిడ మే థైల్‌గార్డ్ వాట్స్. అప్పటికి ఆమెకు 70 ఏళ్ళు. మోర్టన్ ఆర్బొరేటమ్ అనే వృక్షోద్యానంలో ఏళ్ళ తరబడి జనానికి చెట్టూ చేమా చూపించి, వాటి కథ చెప్పిన విదుషి. ఆ రైలు దారిని నడిచేవారికి వదలండి, బుల్‌డోజర్లు రాకముందే మేలుకోండి అని ఆమె కోరింది. ఇంగ్లండులో పొలాల మీదుగా పోయే కాలిబాటలను ఆమె చూసి ఉన్నది.

పొలంగట్ల మీదా కాలవగట్ల మీదా నడిచి బడికి పోయిన మనబోటి వారికి ఇందులో విశేషమేమిటి అనిపించవచ్చు. కాని ఆ శివారు పేటల్లో ఉంటే ఇళ్ళ స్థలం, లేకుంటే కార్ల రోడ్డు. మైళ్ళ తరబడి తెగకుండా సాగిన జాగా అదొక్కటే. మధ్యలో ఒక్క ముక్క ఎవరి పెరటిలోనో కలిసిపోతే, తక్కిన దారి ఎటూ చేర్చదు. నాగలి తగలని రైలుకట్టల పక్కనే ఆ దేశపు ఆదిమ పచ్చిక, ప్రెయిరీ, అక్కడక్కడ బ్రతికి ఉంది కూడాను.

ఉత్తరం వ్రాయడం తేలిక. ఆ తరువాతి పనే ఓపిక పట్టేది. వాట్స్, ఆమె స్నేహితులు ఊరూరా చెప్పి, జనాన్ని కూడగట్టి, 1965లో లాభాపేక్ష లేని సంఘంగా ఏర్పడ్డారు. ఆ సంఘానికి భూమి కొనే తాహతు ఎక్కడిది? అందుకే డ్యూపేజ్ కౌంటీని ఒప్పించి, కౌంటీ చేతిలోని దారిని 1966లో కౌలుకు తీసుకున్నారు. స్థలం కౌంటీది, చెమట సంఘానిది. ముళ్ళకంపలు కొట్టడమూ, చెత్త ఎత్తడమూ, మొక్కలు నాటడమూ సభ్యుల వంతు. నాకు ఉత్తరం కంటే ఈ కౌలు ఒప్పందమే గొప్పగా తోస్తుంది.

1971లో ఆ బాటకు జాతీయ విహారపథంగా గుర్తింపు లభించింది. వాట్స్ 1975లో కన్నుమూసింది. ఇప్పుడు ‘ఇలినాయ్ ప్రెయిరీ పాత్’ పొడవు సుమారు 60 మైళ్ళు. నలిగిన సున్నపురాయి పరచిన ఆ బాట మీద నడిచేవారూ, సైకిళ్ళవారూ, కొన్ని చోట్ల గుర్రపు రౌతులూ సాగిపోతుంటారు. ఎల్జిన్ పాయ వీటన్‌లోని లింకన్ మార్ష్ చిత్తడినేలనూ, ప్రాట్స్ వేన్ వుడ్స్ అడవినీ కలుపుతుంది. చివరకు ఫాక్స్ నదీతీరపు బాట అందుకుంటుంది.

దారిలో విల్లా పార్క్ అనే ఊరి వద్ద పాత రైలుస్టేషను ఇంకా నిలిచి ఉంది. నేడది ఆ ఊరి చరిత్ర చూపే మ్యూజియం. రైలు దిగేవారు లేరు గాని, సైకిలు దిగి తొంగిచూసేవారికి కొదవ లేదు.