సీమంటే సుమోలేనా?

మొన్న గుంటూరులో ఒక పెళ్లికి వెళ్లాను. పక్క విస్తరి ముందున్న పెద్దమనిషి, "మీదే వూరండీ?" అన్నాడు.

"అవుకు, నంద్యాల జిల్లా."

"అమ్మో! సంచిలో బాంబులున్నాయా?" అని నవ్వాడు. పప్పన్నం కలుపుతున్న నా చెయ్యి ఆగిపోయింది.

పాపం, ఆయన తప్పేముంది? 1999లో "సమరసింహారెడ్డి", 2002లో "ఇంద్ర" వచ్చాక, సీమంటే వేటకొడవళ్లు, గాలిలోకి లేచే సుమోలు అయిపోయాయి. కాలేజీ రోజుల్లో నేనూ ఈలలు వేసినవాణ్ణే. దాచుకోను. కక్షలు లేవనీ బొంకను. కాని సీమ అంతేనా?

"మాయాబజార్" (1957) తీసిన కె.వి.రెడ్డిగారిది మా పొరుగున తాడిపత్రి ప్రాంతం. "మల్లీశ్వరి" (1951) తీసిన బి.ఎన్.రెడ్డిగారిది పులివెందుల వైపు. పాండవుల్ని తెరమీదికే తేకుండా పాండవుల ఇంటి పెళ్లికథ నడిపిన నేర్పు సీమవాడిదే. ఆ సినిమాకు నెత్తురు అక్కరలేకపోయింది, నవ్వు చాలింది.

ఆ మాటే చెప్పాను.

"అలాగా! మాయాబజారు మీవాడిదా?" అంటూ ఆయన వడ్డించేవాణ్ణి కేకేసి, నా విస్తట్లో ఇంకో లడ్డు వేయించాడు.

ఘటోత్కచుడి పక్షంవాణ్ణి గదా, కాదనలేదు!