డప్పు క్లాసులకు రావాలె, కొట్టేటాయన సారుగ రావాలె

డిగ్రీ క్లాసుల సారు బోర్డు మీద సూత్రం రాస్తడు. మనం నోటుబుక్కుల ఎక్కిచ్చుకుంటం. పరీక్ష అయినంక మర్శిపోతం. అదే సూత్రం డప్పు మీద నేర్పితే ఎట్లుంటది?

డప్పు కొట్టే ముందు మంట కాడ కాపుతరు. తోలుల తడి పోయి బిగుసుకుంటది, సప్పుడు కంగుమంటది. ఫిజిక్స్ చెప్పేది గూడ గదే. తోలు బిగువు నాలుగింతలైతే, సెకనుకు వచ్చే కంపనాలు రెండింతలైతయి. వానకాలం డప్పు మెత్తగ ఎందుకు మోగుతదో ఎరుకున్న పోరనికి ఈ పాఠం సగం ముందుగాలనే వచ్చు. గని ఆ సంగతి వానికి ఎవలూ చెప్పరు.

దీన్నే అనుభవంతోని నేర్సుకునుడు అంటరు. అమెరికా ప్రొఫెసర్ డేవిడ్ కోల్బ్ 1984ల రాసిన పుస్తకంల దీనికి నాలుగు మెట్లు చెప్పిండు: చేసుడు, చేసినదాని గురించి ఆలోచించుడు, అందుల సూత్రం పట్టుకునుడు, మళ్ల చేసి సూసుడు. అంటే గంటసేపు డప్పు కొట్టి ఇంటికి పోతే అది సదువు కాదు. కొట్టినంక కూసొని మాట్లాడుకోవాలె. మన 2020 జాతీయ విద్యా విధానం గూడ అనుభవంతోని నేర్పాలనే అంటున్నది.

సోషియాలజీ క్లాసుల అయితే ఇంకో ప్రశ్న లేస్తది. చావుకు, జాతరకు, చాటింపుకు ఈ డప్పు ఎవలు కొట్టిండ్రు? మాదిగ బిడ్డలతోని తరతరాలు వెట్టికి కొట్టిచ్చిండ్రు. అదే డప్పు తెలంగాణ ఉద్యమంల ధూంధాం వేదికలెక్కి మోగింది. క్లాసుల డప్పు పట్టనీకి ఒకలు ఎనకాముందు అయితుంటే, ఎందుకని అడుగుడే అసలు పాఠం.

ఇక్కడ్నే జాగర్త పడాలె. మాదిగ పిల్లల చేతికే డప్పిచ్చి, మిగతోళ్లు సప్పట్లు కొడుతుంటే అది పాత కథే. డప్పు అందరి చేతికి రావాలె. ఇంట్ల డప్పున్నదని హాస్టల్ల చెప్పుకోనీకి జంకే తమ్ముళ్లు, చెల్లెండ్లు ఇప్పటికీ ఉన్నరు. వాళ్ల నాయినను క్లాసుకు పిలిచి, కుర్చీ ఏసి, గెస్టు లెక్చరర్‌కు ఇచ్చినట్టే పైసలియ్యాలె. పెద్దసార్లు వచ్చిననాడు గేటు కాడ కొట్టిచ్చి, అన్నం పొట్లం చేతుల పెట్టి పంపుడు గౌరవం కాదు.

మీ కాలేజీల అడుగుండ్రి. సెమిస్టర్‌కు ఒక్క క్లాసు సాలు. కొత్త బిల్డింగు అక్కర లేదు, చెట్టు కింద నడుస్తది. కావాల్సినయి డప్పులు, గింత మంట, కొట్టుడొచ్చిన ఒక పెద్దమనిషి. ఆయనను మాత్రం సారు అనే పిలువాలె.